ధ్వని నుండి మాటకు

పాఠ్యభాగ పరిచయం

విజ్ఞానశాస్త్ర విషయాలను సామాన్య పాఠకునికి అర్థమయ్యే భాషలో వివరించే రచనను శాస్త్రీయ వ్యాసం అంటారు. వినికిడి లోపం గలవారికి తోడ్పడే విద్యుత్ పరికరాలు ఎలా పుట్టి, ఎలా పెరిగాయో, వాటితోపాటు శ్రవణ శిక్షణ అనే విద్య ఎలా రూపుదిద్దుకొన్నదో ఈ వ్యాసం తెలుపుతుంది. ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దు పల్లెల జీవితాన్ని ఆధారంగా తీసుకొని, యంత్రానికీ శిక్షణకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరుగుతుంది. గోదావరి తీరానికి స్వయంగా చేరుకోలేని తెలుగువారు ఎన్నో ఏళ్ళపాటు ఆ వేడుకను ఆకాశవాణి ద్వారా విని తరించారు. 'ఉషశ్రీ'గా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు వ్యాఖ్యానం చేస్తుంటే కల్యాణ మండపం శ్రోతల కళ్ళకు కట్టేది. రేడియో ఉన్న ఇంటి ముందు ఊరంతా చేరేది. 1989లో కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం ఏర్పడిన తరువాత ఈ అడవి ప్రాంతానికి రేడియో మరింత చేరువయింది.

వినడానికి మన పెద్దలు ఇచ్చిన స్థానం గొప్పది. నవవిధ భక్తులలో మొదటిది శ్రవణం. వేదానికి శ్రుతి అని పేరు. చదువుకొన్నవానిని బహుశ్రుతుడని గౌరవించారు. అక్షరానికి ముందే చెవి ద్వారా జ్ఞానం తరతరాలకు అందింది.

అయితే రేడియో చుట్టూ చేరిన ఆ జనంలోనే ఒక పసివాడు కూర్చొని ఉన్నాడని ఊహించుకొందాం. అందరూ పెట్టెవైపు చూస్తున్నారు, చేతులు జోడిస్తున్నారు, అప్పుడప్పుడు నవ్వుతున్నారు. ఎందుకో వానికి తెలియదు. వాని చెవికి ఆ పెట్టె మూగది. ఆ పెట్టెలో పనిచేసే శాస్త్రమే వాని చెవికి సాయం చేయగలదా? చేస్తే అంతటితో వానికి మాట వస్తుందా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే శ్రవణ యంత్రాల చరిత్ర.

అడవిలో చెవి విలువ

పాల్వంచ, కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు సాగే దారికి ఇరువైపులా అడవులు విస్తరించి ఉన్నాయి. గోదావరి వెంట కిందికి పోతే పాపికొండలు వస్తాయి. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా నివసిస్తున్న ప్రాంతమిది. ఒకప్పుడు ఒకే ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ భూభాగంలో కొంత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. తెలంగాణలో మిగిలిన భద్రాచలం 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమయింది.

అడవిలో కన్ను కొంతదూరమే పోగలదు. చెట్లు అడ్డువస్తాయి, చీకటి త్వరగా కమ్ముకొంటుంది. చెవికి ఆ అడ్డు తక్కువ. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, పక్షుల అరుపులో మార్పు, వాగు పొంగే హోరు ఇవన్నీ అక్కడివారికి సమాచారాలే. అటువంటిచోట వినికిడి కొరవడితే చదువొక్కటే కాదు, ప్రాణరక్షణ కూడా కష్టమవుతుంది.

వినికిడి లోపానికి కారణాలు అనేకం. కొందరికి అది పుట్టుకతోనే వస్తుంది. గర్భిణికి రుబెల్లా సోకడం, శిశువుకు తీవ్రమైన కామెర్లు రావడం, మెదడువాపు వంటి జబ్బులు మరికొన్ని కారణాలు. జలుబు ముదిరి చెవిలో చీము పట్టినప్పుడు వైద్యం చేయించకపోతే కర్ణభేరికి రంధ్రం పడుతుంది. మలేరియాకు వాడే క్వినైన్, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు కొందరి చెవులకు హాని చేస్తాయి. క్వినైన్ వల్ల కలిగే లోపం చాలావరకు తాత్కాలికమే అయినా, స్ట్రెప్టోమైసిన్ వల్ల కలిగేది శాశ్వతంగా ఉండిపోవచ్చు.

ఇదే ప్రాంతంలో మరొక కారణం కూడా ఉంది. ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలయింది. సింగరేణి గనుల చరిత్రకు అది ఆరంభం. రాతికి రంధ్రాలు వేసే యంత్రాలు, పేలుళ్ళు, గాలిపంకాలు చేసే మోత ఏళ్ళతరబడి చెవిని తాకితే వినికిడి క్రమంగా సన్నగిల్లుతుంది. గని కార్మికుల విషయంలో 85 డెసిబెల్స్ హెచ్చరిక స్థాయి అనీ, 90 డెసిబెల్స్ ప్రమాద స్థాయి అనీ దేశంలోని గనుల భద్రతా విభాగం 1975లోనే సూచించింది. మామూలు సంభాషణ దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది.

చెవి పనిచేసే తీరు

గాలిలో పుట్టిన కంపనం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారాలలో ఉన్న మూడు చిన్న ఎముకల మీదుగా లోపలి చెవికి చేరుతుంది. అక్కడ నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కర్ణావర్తంలో దాదాపు 15 వేల రోమకణాలు ఉంటాయి. ఇవి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణనాడికి అందిస్తాయి. ఒకసారి నశించిన రోమకణం మనుషులలో మళ్ళీ పుట్టదు.

కనుక శ్రవణేంద్రియంలో రెండు పనులు జరుగుతున్నాయి. ధ్వనిని అందుకోవడం చెవి పని. అందిన ధ్వనికి అర్థం చెప్పుకోవడం మెదడు పని. యంత్రాలు మొదటి పనికి తోడ్పడతాయి. రెండవ పనికి శిక్షణ కావాలి.

టెలిఫోను నుండి ట్రాన్సిస్టరు వరకు

విద్యుత్తు రాకముందు వినికిడి తగ్గినవారు బూర ఆకారంలో ఉన్న గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకొనేవారు. అది ధ్వనిని పోగుచేసేదేగాని పెంచలేకపోయేది. 1876లో అలెగ్జాండర్ గ్రహంబెల్ టెలిఫోనును కనుగొన్నాడు. ఆయన బోస్టన్‌లో వినికిడి లేని పిల్లలకు మాట నేర్పిన ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి లోపం ఉండేది. భార్య మేబెల్ చిన్నతనంలోనే జబ్బు చేసి వినికిడి కోల్పోయింది. ధ్వని తీవ్రతను కొలిచే ప్రమాణానికి డెసిబెల్ అనే పేరు ఆయన స్మారకంగా వచ్చినదే.

టెలిఫోనులో ధ్వనిని విద్యుత్తుగా మార్చే బొగ్గు రేణువుల సాధనమే మొదటి శ్రవణ యంత్రాలకు ఆధారమయింది. అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ 1898 ప్రాంతంలో అటువంటి యంత్రాన్ని తయారుచేశాడు. భూగర్భంలోని బొగ్గును వెలికితీసే మోతకు కొందరు వినికిడి కోల్పోతుంటే, ఆ బొగ్గు జాతికే చెందిన రేణువులు మరొకచోట వినికిడికి తోడ్పడడం గమనింపదగిన విషయం.

1920 ప్రాంతంలో శూన్యనాళికలతో పనిచేసే యంత్రాలు వచ్చాయి. ఇవి ధ్వనిని ఎన్నో రెట్లు పెంచగలిగాయి. కాని వాటి బరువు కిలోలలో ఉండేది. 1922లో అమెరికాలో ఫౌలర్, వెగెల్ అనే ఇద్దరు శూన్యనాళికలతో శ్రవణమాపకాన్ని రూపొందించారు. ఏ స్వరస్థాయిలో ఎంత వినికిడి లోపించిందో గీత గీసి చూపే పరీక్షకు అది బాట వేసింది. రోగిని పిలిచి పలికాడా లేదా అని చూసే పాత పద్ధతికి బదులు కొలత వచ్చింది.

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. సామాన్య ప్రజలు కొనుక్కొన్న మొట్టమొదటి ట్రాన్సిస్టరు వస్తువు రేడియో కాదు, శ్రవణ యంత్రం. అది 1952 చివరలో మార్కెట్‌లోకి వచ్చింది. గ్రహంబెల్ మీది గౌరవంతో శ్రవణ యంత్రాల తయారీదారుల నుండి ట్రాన్సిస్టరు హక్కుల రుసుమును ఆ సంస్థ వసూలు చేయలేదు. ట్రాన్సిస్టరు రేడియో 1954లో వచ్చింది. అటుతరువాత కరెంటు లేని పల్లెలకు కూడా అది చేరింది. అడవి గ్రామంలో కల్యాణ వ్యాఖ్యానాన్ని వినిపించిన ఆ చిన్న పెట్టెకు శ్రవణ యంత్రం అక్కవంటిది.

ట్రాన్సిస్టరు రాకతో యంత్రం జేబులోకి, ఆ తరువాత చెవి వెనక్కి చేరింది. 1996 నుండి పూర్తిగా డిజిటల్ యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. పాత యంత్రం మాటనూ మోతనూ సమానంగా పెంచేది. డిజిటల్ యంత్రాన్ని వ్యక్తి వినికిడి గీతకు అనుగుణంగా అమర్చవచ్చు. ఏ స్థాయి లోపించిందో ఆ స్థాయినే అది ఎక్కువగా పెంచుతుంది.

చెవిలోపలికి చేరిన విద్యుత్తు

రోమకణాలు పూర్తిగా నశించినవారికి ధ్వనిని ఎంత పెంచినా ఫలితం ఉండదు. నాడికే నేరుగా విద్యుత్ సంకేతం అందించాలి. 1957లో పారిస్‌లో జోర్నో, ఎరియేస్ అనే ఇద్దరు ఈ దిశలో తొలి ప్రయోగం చేశారు. 1961లో అమెరికాలో విలియం హౌస్, 1970లలో వియన్నాలో ఇంగెబోర్గ్ హోఖ్‌మైర్ బృందం, 1978లో ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ దీనిని ముందుకు తీసుకొనిపోయారు. గ్రేమ్ క్లార్క్ తండ్రికి వినికిడి లోపం ఉండేది. ఈ కృషి ఫలితమే కాక్లియర్ ఇంప్లాంట్. చెవి వెనుక ధరించే భాగం ధ్వనిని విశ్లేషిస్తుంది. శస్త్రచికిత్స ద్వారా కర్ణావర్తంలో అమర్చిన సన్నని తీగలు నాడిని ప్రేరేపిస్తాయి.

ఈ చికిత్సకు లక్షల రూపాయల ఖర్చవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం దీనిని పేద పిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. శస్త్రచికిత్సతోపాటు తరువాతి శ్రవణ శిక్షణను కూడా ఆ పథకంలో చేర్చారు. కేంద్రప్రభుత్వం తన సహాయ పరికరాల పథకాన్ని 2014లో సవరించి, ఏడాదికి 500 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయల పరిమితితో ఈ పరికరాన్ని సమకూర్చే ఏర్పాటు చేసింది. దాని నిర్వహణ భారం అలీయావర్‌జంగ్ జాతీయ సంస్థకు అప్పగించింది. 1983లో ముంబయిలో స్థాపించిన ఆ సంస్థకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన హైదరాబాదు ప్రముఖుని పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉంది.

శ్రవణ శిక్షణ

కళ్ళజోడు పెట్టుకొన్న వెంటనే అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. శ్రవణ యంత్రం అలాంటిది కాదు. పుట్టుకతో వినని పిల్లవానికి యంత్రం పెట్టిన మొదటిరోజున వినిపించేది అర్థంలేని రొద మాత్రమే. కుక్క అరుపు ఏదో, తల్లి పిలుపు ఏదో వానికి తెలియదు. యంత్రం ధ్వనిని ఇస్తుంది, మాటను మనిషే ఇవ్వాలి. ఈ సత్యాన్ని గుర్తించినవారే శ్రవణ శిక్షణకు ఆద్యులు.

19వ శతాబ్ది చివరలో వియన్నా వైద్యుడు విక్టర్ ఉర్బాన్‌చిచ్, మిగిలి ఉన్న కొద్దిపాటి వినికిడిని అభ్యాసంతో ఉపయోగంలోకి తేవచ్చునని బోధించాడు. ఆయన దగ్గర చదువుకొన్న మాక్స్ గోల్డ్‌స్టీన్ 1914లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో బధిరుల కోసం ఒక విద్యాసంస్థను స్థాపించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో వినికిడి కోల్పోయిన సైనికులకు రేమండ్ కార్హార్ట్ వంటివారు యంత్రంతోపాటు శిక్షణ కూడా ఇచ్చారు. క్రమంగా బధిర పాఠశాలలలో సామూహిక శ్రవణ యంత్రాలు వచ్చాయి. ఉపాధ్యాయుని ముందు మైకు, ప్రతి విద్యార్థి తలకు హెడ్‌ఫోను ఉండేవి. తరువాత తీగల అవసరం లేకుండా రేడియో తరంగాల ద్వారా గురువు కంఠం శిష్యుని చెవికి చేరే సాధనాలు ఏర్పడ్డాయి. రేడియో ఇక్కడ మరొకసారి పాఠశాలకు తోడయింది.

శిక్షణలో నాలుగు మెట్లు ఉన్నాయి. ధ్వని ఉన్నదని గ్రహించడం మొదటిది. రెండు ధ్వనులు ఒకటేనా, వేరా అని తెలుసుకోవడం రెండవది. విన్నది ఏమిటో గుర్తుపట్టడం మూడవది. అర్థం చేసుకొని బదులు పలకడం నాలుగవది. తప్పెట కొడితే గవ్వ ఒకటి పళ్ళెంలో వేయమని నేర్పడంతో మొదటి మెట్టు ఆరంభించవచ్చు. దానికి ఖరీదైన గది అవసరం లేదు.

తెలుగులో 'పాట, బాట, మాట' అనే మూడు పదాలను అద్దం ముందు గొంతు విప్పకుండా పలికి చూడండి. పెదవులకు మూడూ ఒకటే. ప, బ, మ మూడూ ఓష్ఠ్యాలు కనుక కంటికి భేదం తెలియదు. పెదవుల కదలికను మాత్రమే చదివే పిల్లవాడు ఎంత తెలివిగలవాడైనా ఇక్కడ తడబడతాడు. కొద్దిపాటి వినికిడి తోడైతే, సందర్భం సాయపడితే ఆ ముడి విడిపోతుంది. వర్ణాల స్థాన ప్రయత్నాలను విభజించి చెప్పిన మన ప్రాచీన శిక్షాశాస్త్రం ఇటువంటి బోధనకు నేటికీ ఉపకరిస్తుంది.

యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో ప్రతి ఉదయం పరీక్షించడానికి డేనియల్ లింగ్ అనే విద్యావేత్త ఒక సులభమైన మార్గం చూపాడు. 'ఆ, ఈ, ఊ, మ్, ష్, స్' అనే ఆరు ధ్వనులను నోరు కనిపించకుండా పలకాలి. పిల్లవాడు విన్నదానిని తిరిగి పలకాలి. వీటిలో 'మ్' అత్యల్ప స్వరస్థాయికి, 'స్' అత్యధిక స్థాయికి చెందుతాయి. ఆరూ వినిపిస్తే మాటలోని ముఖ్యమైన ధ్వనులన్నీ అందుతున్నట్లే. చదువురాని తల్లి కూడా ఈ పరీక్ష చేయగలదు.

అడవి పల్లెలో అసలు పరీక్ష

శ్రవణ శిక్షణకు కాలమే ప్రధానం. మాట నేర్చే శక్తి మెదడుకు తొలి సంవత్సరాలలో అధికంగా ఉంటుంది. అందుకే మొదటి నెలలో వడపోత పరీక్ష, మూడవ నెలలోగా నిర్ధారణ, ఆరవ నెలలోగా సహాయం జరగాలని నిపుణులు చెబుతారు. నిద్రపోతున్న శిశువు చెవి నుండి వెలువడే అతిసూక్ష్మ ధ్వనిని పట్టుకొనే పరీక్షకు, 1978లో డేవిడ్ కెంప్ చేసిన ఆవిష్కరణ మూలం. శిశువు జవాబు చెప్పవలసిన పనిలేదు.

దేశంలో బధిరత్వ నివారణకు 2006-07లో జాతీయ కార్యక్రమం ఆరంభమయింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే వినికిడి లోపాన్ని తన జాబితాలో చేర్చింది. వైద్యబృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్ళి పిల్లలను పరీక్షించడం ఇందులో భాగం. అయితే బృందం ఊరికి వచ్చేలోగా తల్లి గమనించవలసినది ఎంతో ఉంది. చప్పుడుకు ఉలికిపడని శిశువును చూసి 'నెమ్మది గల బిడ్డ' అని మురిసిపోవడం, మాట రాకపోతే 'ఆలస్యంగా వస్తుందిలే' అని ఊరుకోవడం విలువైన కాలాన్ని హరిస్తాయి.

యంత్రం దొరికిన తరువాత కూడా అడవిలో దానిని కాపాడుకోవడం ఒక పని. వానకాలపు తేమ, వేసవి చెమట దానికి శత్రువులు. రాత్రివేళ తేమను పీల్చే గుళికలున్న డబ్బాలో దానిని దాచాలి. చిన్న బిళ్ళ బ్యాటరీలు పట్టణంలోనే దొరుకుతాయి. బిడ్డ పెరిగేకొద్దీ చెవి అచ్చు మార్చాలి. భద్రాచలం నుండి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైగా ఉంది. కూలికి పోయే తల్లిదండ్రులకు ప్రతి ప్రయాణమూ భారమే. బ్యాటరీ అయిపోయిన యంత్రం దూలానికి వేలాడితే ప్రభుత్వం పెట్టిన ఖర్చు, వైద్యుని శ్రమ, పిల్లవాని భవిష్యత్తు మూడూ అక్కడే ఆగిపోతాయి.

శిక్షణ ఏ భాషలో జరగాలన్నది మరొక ప్రశ్న. కోయ ఇంట పుట్టిన బిడ్డకు ఇల్లంతా కోయభాష మాట్లాడుతుంది. శిక్షణ తెలుగులో మాత్రమే సాగితే కేంద్రంలో విన్న మాట ఇంట్లో వినిపించదు, ఇంట్లో విన్న మాటకు కేంద్రంలో అభ్యాసం దొరకదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గిరిజన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు కోయభాషకు తెలుగు లిపిలో పాఠాలు సిద్ధం చేశారు. వినే పిల్లలకే మాతృభాష అంత అవసరమైనప్పుడు, వినడం నేర్చుకొంటున్న పిల్లలకు అది మరింత అవసరం. మొదటి మాట తల్లి మాటే కావాలి.

ఉపసంహారం

యంత్రాలు అందరికీ సరిపడవు. సంజ్ఞాభాషలో పెరిగి, చదువుకొని, ఉద్యోగాలు చేస్తూ నిండుగా జీవిస్తున్నవారు ఎందరో ఉన్నారు. సంజ్ఞాభాష సొంత వ్యాకరణం గల సంపూర్ణమైన భాష. భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణల కోసం 2015లో ఢిల్లీలో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. చెవి ద్వారా అయినా, చేతి ద్వారా అయినా బిడ్డకు సకాలంలో ఒక భాష అందడమే ముఖ్యం. 'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అని మనం అలవాటుగా అంటుంటాం. ఆ సామెతలో తప్పు వినలేనివానిపై పడింది. నిజానికి అతనికి అర్థమయ్యే మార్గం వెదకకుండా శంఖం ఊదుతూ పోవడం ఊదేవాని అవివేకం.

రేడియో చుట్టూ చేరిన జనంలో కూర్చున్న ఆ పసివానిని మళ్ళీ తలచుకొందాం. బొగ్గు రేణువుల కాలం నుండి నేటి వరకు శాస్త్రజ్ఞులు చేసిన కృషి వాని చెవి దాకా ధ్వనిని తీసుకొనిరాగలదు. అక్కడి నుండి మనసు దాకా ఉన్న దారి చిన్నదే. కాని ఆ దారిలో వాని చెయ్యి పట్టుకొని నడిపించవలసినవారు తల్లి, తండ్రి, అంగన్‌వాడీ కార్యకర్త, బడిలోని ఉపాధ్యాయుడు. పిల్లవాడు మొదటిసారి పిలుపుకు తల తిప్పి చూసిననాడు ఆ శ్రమ అంతా ఫలిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

బహుశ్రుతుడు : ఎన్నో శాస్త్రాలు విన్నవాడు, పండితుడు
కర్ణభేరి : చెవిలోని పలుచని పొర
కర్ణావర్తం : లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు భాగం
దాగలి : కమ్మరి ఇనుమును ఉంచి కొట్టే దిమ్మ
అంకవన్నె : గుర్రపు రౌతు పాదం ఉంచే పట్టీ
ఓష్ఠ్యాలు : పెదవుల సాయంతో పలికే వర్ణాలు
ఆద్యులు : మొదటివారు

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. శ్రవణ యంత్రాలు పరిణామం చెందిన తీరును వివరించండి.
2. అడవి పల్లెలలో శ్రవణ శిక్షణకు ఎదురయ్యే ఇబ్బందులను తెలిపి, వాటికి మీకు తోచిన పరిష్కారాలను రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. శ్రవణ శిక్షణలోని నాలుగు మెట్లు ఏవి?
2. 'పాట, బాట, మాట' ఉదాహరణ ద్వారా వ్యాసం తెలిపిన విషయమేమి?
3. శిక్షణ మాతృభాషలో ఎందుకు సాగాలి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. యంత్రం ధ్వనిని ఇస్తుంది, మాటను మనిషే ఇవ్వాలి.
2. మొదటి మాట తల్లి మాటే కావాలి.

ఈ) సంధులు
శ్రవణేంద్రియం = శ్రవణ + ఇంద్రియం – గుణసంధి
అత్యల్ప = అతి + అల్ప – యణాదేశసంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘసంధి

ఉ) సమాసాలు
తల్లిదండ్రులు – తల్లియు తండ్రియు – ద్వంద్వ సమాసం
నాలుగు మెట్లు – నాలుగైన మెట్లు – ద్విగు సమాసం
గోదావరి తీరం – గోదావరి యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం